పాత యింటి వెల, పాత యింటి విలువ

పాత యిల్లు బాగుచేయింపబూనిన గృహస్థు మొదట మేస్త్రీని పిలుచును, పిదప ఇంజనీరును పిలుచును, డబ్బు చాలనప్పుడు బ్యాంకువారి కడకు పోవును. ఈ మువ్వురును ఇంటి వెల చెప్పగల సమర్థులే. ఇంటి విలువ యేమని యడిగినచో మువ్వురును ఆ వెలనే మరల చెప్పుదురు. వెల వేఱు, విలువ వేఱు. స్థలము వెల రోడ్డు వెడల్పును బట్టి, చదరపుటడుగుల లెక్కను బట్టి మారుచుండును. ఆ యింటిని చూచి మనమేమి తెలిసికొనగలము, అది పోయినచో మఱి యెక్కడను తెలిసికొనలేనిది యేమి, అను ప్రశ్నకు వచ్చు సమాధానమును బట్టి యింటి విలువ యుండును. ఈ రెండవ లెక్క వేయుట మనవారికి అలవాటు లేదు. అందుచేత రెండు విధముల నష్టము కలుగుచున్నది. నిలుపదగిన యిండ్లు ఒక వారములో నేలమట్టమగుచున్నవి; నిలుపవలసిన అగత్యము లేని యిండ్లను గూర్చి కన్నీటి వ్యాసములు వెలువడుచున్నవి. రెండవదానివలన మొదటిదానికి మేలు జరుగుననుకొనుట భ్రమ. ప్రతి పాత గోడయు పవిత్రమే యని చెప్పువాని మాటను, నిజముగా విలువగల గోడ వచ్చినప్పుడును ఎవరును వినరు.

విషయమును గాలిలో చర్చించుటకంటె ఒక పేటను ముందుంచుకొనుట మేలు. చెన్నపట్టణములోని త్యాగరాయనగరము ఇందులకు తగినది. నేడు ఆ పేరు చెప్పినంతనే పట్టుచీరలు, నగల దుకాణములు, పండుగనాటి జనసమ్మర్దము జ్ఞప్తికి వచ్చును గాని, పుట్టినప్పుడది పట్టణమునకు వెలుపలి పేట. మాంబళపు ప్రాంతమున నుండిన పొడవైన పెద్దచెఱువు నీటిని తీసివేసి, 1920 నాటి మద్రాసు నగర నిర్మాణ చట్టము ననుసరించి, 1923–25 ప్రాంతమున ఈ పేటను వేయనారంభించిరి. పేటకు పేరిచ్చిన సర్ పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగువాడు, మద్రాసు కార్పొరేషనుకు అధ్యక్షత వహించినవాడు, 1925లో గతించెను. నడిబొడ్డునగల ఉద్యానమునకు పేరిచ్చిన పానగల్ రాజా, అనగా పానగంటి రామరాయణింగారు, కాళహస్తి ప్రాంతపు తెలుగువాడు. 1921 మొదలు 1926 వరకు రాజధానికి ప్రథమ మంత్రిగా నుండెను. 1931లో సముద్రతీరపు స్టేషనునుండి తాంబరమువరకు విద్యుత్తు రైళ్ళు నడువసాగినవి. ఉద్యోగి ఉదయమున మాంబళమున రైలెక్కి కచేరికి పోయి, సాయంకాలము తోట మొక్కలకు నీరు పోసికొనుటకు తిరిగి వచ్చు జీవితము అప్పుడు సాధ్యమైనది. తరువాత వడపళని, కోడంబాకము స్టూడియోలు పెరిగినకొలది సినిమావారు ఇక్కడ ఇండ్లు కట్టుకొనిరి. బజుల్లా రోడ్డున నందమూరి తారక రామారావుగారు, హబీబుల్లా రోడ్డున సావిత్రిగారు కాపురముండిన సంగతి మన పెద్దలందరకు తెలిసినదే.

ఈ పేటను మైలాపూరు, తిరువల్లిక్కేణి వీథులతో పోల్చి చూడవలెను. అక్కడి పాత యిండ్లు గోడకు గోడ ఆనుకొని వీథిమీదికి అరుగులు చాచియుండును. ఇక్కడి యిల్లు నాలుగు ప్రక్కల ఖాళీ విడిచి, గేటునకు లోపల, నడుమ నిలువబడును. ఈ ఖాళీ స్థలము ఇంటివాని విలాసము కాదు. గాలి, వెలుతురు, ఆరోగ్యము అను ఆనాటి క్రొత్త సిద్ధాంతము యొక్క రూపము. బెంగళూరులో బసవనగుడి, మల్లేశ్వరములను తీర్చిన కాలమును, 1898 నాటి ప్లేగు భయమును తలచుకొన్నచో ఇది బోధపడును. బొంబాయి దాదరు, మాటుంగాల ఏర్పాటును ఆ త్రోవలోనిదే. ఆయా పట్టణములలో స్థిరపడిన మనవారి తాతలు అగ్రహారపు అరుగు విడిచి తోటలోని వరండాకు వచ్చిన తరము అది. అరుగుమీద కూర్చున్నవాడు దారిన పోవువానిని పలుకరించును; వరండాలో కూర్చున్నవానిని పలుకరింపవలెనన్న గేటు తీయించుకొని రావలెను. కావున ఈ పేట యింటికి విలువకట్టువాడు మొట్టమొదట చూడవలసినది గోడలను గాదు, గోడకును ప్రహరికిని నడుమనున్న ఖాళీని. విచిత్రమేమనగా, బాగుచేయుటలో మొట్టమొదట హరించిపోవునదియు అదియే. ముందు కారుషెడ్డు, పిదప అద్దెకు రెండు గదులు, పిదప వీథివైపు ఒక దుకాణము. ఇల్లు చెక్కుచెదరలేదని సంతోషించునాటికి ఆ యింటి ముఖ్యలక్షణము పోయి కూర్చుండును.

ఇక నేడు మనవారు విలువకట్టు పద్ధతులను పరిశీలింతము. అన్నిటికంటె వ్యాప్తిలో నున్నది ప్రసిద్ధపురుషుని వెదకుట. ఈ యింట ఎవరుండిరి? ఎవరు వచ్చి భోజనము చేసిరి? గొప్పవాడు దొరికినచో ఇల్లు గొప్పది; దొరకనిచో లేదు. ఈ పద్ధతిని పూర్తిగా త్రోసివేయ వీలులేదు. లజ్‌ ప్రాంతమున కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి గృహము శ్రీబాగు. 1937 నవంబరు 16వ తేదీని సర్కారు జిల్లాల నాయకులును, రాయలసీమ నాయకులును అక్కడ కూడి చేసికొన్న ఒడంబడిక ఆ యింటి పేరనే చరిత్రకెక్కినది. శ్రీబాగు అన్నది ఒక యిల్లని యెఱుగనివారును శ్రీబాగు ఒడంబడికను గూర్చి నేటికిని వాదించుకొనుచున్నారు. బులుసు సాంబమూర్తిగారి యింట 1952 అక్టోబరు 19న నిరశనమునకు కూర్చుండిన పొట్టి శ్రీరాములుగారు డిసెంబరు 15 రాత్రి అక్కడనే ప్రాణములు విడిచిరి. ఆ చోటు స్మారకమైనది. ఇట్టి తావులకు విలువ కట్టుటలో తాపీపనితోను దూలములతోను నిమిత్తము లేదు. సంఘటనయే విలువ. ముద్దెనహళ్ళిలో విశ్వేశ్వరయ్యగారి యిల్లు చిన్నది. దానిని చూడబోవువారు ఇంటిని చూచుటకు గాదు, ఇంత చిన్న యింటినుండి అంతవాడు వచ్చెనా యని ఆశ్చర్యపడుటకు పోవుదురు. ఆ చిన్నతనమే అక్కడ కాపాడదగినది. దానిని పెంచి మేడ చేసినచో స్మారకము చెడును. కడపలో బ్రౌనుదొర పండితులను చేర్చుకొని పనిచేయించిన బంగళా శిథిలమై పోయిన తరువాత ఆ స్థలమున గ్రంథాలయము లేచినది. ఇల్లు పోయినను అక్కడ జరిగిన పని కొనసాగినది గనుక, నా మట్టునకు అది నష్టములో లాభమే.

కాని ఈ కొలత త్యాగరాయనగరములోని వేయి యిండ్లకు వర్తింపదు. గుమాస్తాలు, ప్లీడర్లు, ఉపాధ్యాయులు, మందుల వర్తకులు కట్టుకొన్న యిండ్లవి. అక్కడ మహాపురుషుని వెదకబోయినవారు చివరకు లేనివానిని సృష్టించుచున్నారు. ఒక నాయకుడొక పూట కాఫీ త్రాగెనని వరండాకు ప్రతిష్ఠ కల్పించుట, ఒక గాయకుడు వచ్చెనని హాలునకు కచేరీల కీర్తి కట్టబెట్టుట మన సంచికలలో సామాన్యమైనది. ఇది ఆ గుమాస్తాకు అవమానము. అతని యింటికి అతని జీవితము చాలదా?

పండితుల పద్ధతి వేఱు. 1964లో వెనిసు నగరమున కూడిన వాస్తుశిల్పులు వెలువరించిన చార్టరు స్మారకముల నుద్దేశించినది. ఊహ మొదలైనచోట పునరుద్ధరణ ఆగవలెనన్నది అందలి కఠినసూత్రము. సామాన్య గృహములకు ఎక్కువగా పనికివచ్చునది ఆస్ట్రేలియావారు బర్రా అను గనుల ఊరిలో 1979లో ఆమోదించి, పలుమారులు సవరించి, 2013లో నేటి రూపమునకు తెచ్చినది. సౌందర్యము, చరిత్ర, శాస్త్రజ్ఞానము, సంఘసంబంధము, ఆధ్యాత్మికము అని విలువను ఐదు తెఱగుల చూడుమని అది చెప్పును. దానిలో నాకు నచ్చినది ఈ విభాగము కాదు, క్రమము. మొదట విలువను నిర్ణయింపవలెను. ఏమి కూల్చవలెను, ఏమి నిలుపవలెనన్నది అటుపిమ్మట. ఇది పసిపిల్లలకును తెలియు న్యాయమువలె కనబడును గాని ఆచరణలో ఎవరును పాటింపరు. వంటిల్లు ముందుకు తేవలెనని, మేడమీద మఱి రెండు గదులు వేయవలెనని నిశ్చయము ముందే జరిగిపోవును. పిదప ఆ నిశ్చయమునకు తగినట్లు విలువను గూర్చిన నివేదిక వ్రాయింతురు. పెండ్లి కుదిరిన తరువాత జాతకములు చూపించుట వంటిది ఈ పని; జ్యోతిష్కునకు దక్షిణ ముట్టును, జాతకములు తప్పక కలియును.

ఐదు తెఱగుల విభాగమునందు నాకు పూర్తి విశ్వాసము లేదు. మన యింటి వెనుక వసారాను తీసికొనుడు. అక్కడ మడిబట్టలు ఆరవేయు దండెము, రోలు, తిరుగలి, నూతివైపు మెట్టు ఉండును. ఇది చరిత్రా, సంఘసంబంధమా, ఆధ్యాత్మికమా? ఏ అరలో పెట్టినను మిగిలిన నాలుగు అరలు తమకు రావలసినది రాలేదని మొఱపెట్టును. అరలు నింపుటయే పనిగా పెట్టుకొన్న నివేదికలలో ఐదు శీర్షికల క్రింద ఐదు సమానమైన పేరాలు కనబడును. ఇల్లు మాత్రము కనబడదు.

మన దేశపు ఇంటాక్ సంస్థవారు 2004లో ప్రకటించిన చార్టరు ఈ లోటును గుర్తించి, జీర్ణోద్ధరణము అను మన మాటనే ముందుంచినది. ఇది హర్షింపదగిన పని. గుడి శిథిలమైనప్పుడు దానిని శిథిలముగా కాపాడుట మన సంప్రదాయము కాదు. మరల నిలువబెట్టి కుంభాభిషేకము చేయుదుము. ఇల్లును అంతియే, అందు కాపురముండువారు మ్యూజియము కాపలాదారులు కారు. అయినను ఈ మాటకు నేడు జరుగుచున్న దుర్వినియోగమును చెప్పకుండ నుండలేను. నల్లరాతి స్తంభమునకు ఎనామిలు రంగు పూయుట జీర్ణోద్ధరణము! ఇసుక చిమ్మి శాసనాక్షరములను అరుగదీయుట జీర్ణోద్ధరణము! ఇండ్ల విషయములోనైతే కారైకుడి ప్రాంతమున కూల్చిన మేడల తలుపులు, స్తంభములు కొనితెచ్చి, ఎన్నడును అట్టివి లేని మాంబళపు ఇంటికి తగిలించుట జీర్ణోద్ధరణము! అది ఇరువైపుల అన్యాయము. ఒక యిల్లు తన తలుపు పోగొట్టుకొన్నది, రెండవది తన ముఖము పోగొట్టుకొన్నది. పాత మాట వెనుక పాత పనివాడున్నాడు. సున్నము తెలిసిన చేయి, కొయ్య తెలిసిన చేయి ఉన్నప్పుడే ఆ మాటకు అర్థము. చేయి లేనప్పుడు వెనిసువారి పిసినారితనమే మనకు క్షేమము.

ఇట్లనినంత మాత్రమున విలువకట్టుట అసాధ్యమని కాదు. ఇంటిని చదువవలెను. ఈ పేటలో ముప్పదులలో కట్టిన యింటిని ఒకదానిని మనస్సున నుంచుకొని పైనుండి క్రిందికి వత్తము. కప్పు సాధారణముగ మద్రాసు టెర్రాసు మిద్దె. టేకు దూలములను వరుసగా పఱచి, వానిపై సన్నని చిన్న యిటుకలను నిలువంచుగ, దూలములకు ఐమూలగా, సున్నముతో పేర్చుదురు. ఆ పైని ఇటుకముక్కలు కలిపిన సున్నపు కాంక్రీటు మూడు నాలుగంగుళములు వేసి, బెల్లపు నీరు, కరక్కాయ నీరు చల్లుచు, స్త్రీలు వరుసగా కూర్చుండి చెక్కలతో దినముల తరబడి కొట్టుదురు. పైన పలుచని పలక పెంకులు. ఈ కప్పు క్రింద వేసవి మధ్యాహ్నమున పడుకొన్నవానికి దాని గుణము చెప్పనక్కఱలేదు. దీనిని కట్టగల పనివారు నేడు మిగుల అరుదు. కావున చెడకుండ నున్న ఒక్క మిద్దెయు ఆ విద్యకు పాఠ్యపుస్తకమే. బర్రావారు శాస్త్రవిలువ యన్నది ఇట్టిదానినే.

దూలములు తరచుగా బర్మా టేకు. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించుటతో ఆ రాక నిలిచినది. అందుచేత ఒక యింట క్రింది అంతస్తున టేకు దూలములు, పై అంతస్తున ఇనుప దూలములో సిమెంటు శ్లాబో ఉన్నచో, పై అంతస్తు యుద్ధకాలమునకు తరువాతిదని అనుమానింపవచ్చును. అనుమానము మాత్రమే, రూఢి పఱచుటకు పన్ను రసీదులు, ఆమోదింపబడిన ప్లాను చూడవలెను. ఆ కొయ్య వచ్చిన రేవులకే మన కోరంగి, యానాం ప్రాంతపు కూలీలు ఓడలెక్కి పోయిరి. రంగూనులో తెలుగువాని పేరే కోరంగీ అయినది. ఒకే సముద్రముమీద మనుష్యులటు, దూలములిటు. వెనుకనున్న వంటయింటి కప్పు పెంకుది అయినచో ఒక పెంకును తీసి వెనుక త్రిప్పి చూడవలెను. బాసెల్ మిషనువారు 1865లో మంగళూరున పెంకుల ఫ్యాక్టరీ పెట్టిరి. మొదటి ప్రపంచయుద్ధముతో ఆ జర్మను సొత్తు చేతులు మారి, 1919లో కామన్‌వెల్త్ ట్రస్టు ఏర్పడెను. పెంకుమీది అచ్చు కాలమును చెప్పును. కాని పెంకులు ఒక యింటినుండి మఱొక యింటికి ప్రయాణము చేయునవి గనుక, పెంకు వయస్సు ఇంటి వయస్సని తొందరపడరాదు.

హాలులో పైకి చూచినచో దూలములకు నాలుగు కొక్కెములు కనబడును. అవి ఉయ్యాలబల్లకు. గోడలలో గూళ్ళు, వాని నెత్తిన నూనెమసి. నేల ఎఱ్ఱ గచ్చు. అద్దము వలె నున్న ఆ నునుపు సిమెంటు కంపెనీది కాదు, రుద్దిన చేతిది. వంటయింటి ప్రక్క చీకటి గదిలో ఆవకాయ జాడీలకు రాతిగట్టు. ఇంటికి ఒక ప్రక్కన, ప్రహరి వెంబడి, పెరటివఱకు సన్నని దారి. ఈ దారిని గూర్చి మన వ్యాసములలో ఎవరును వ్రాయరు. అది దొడ్డి శుభ్రము చేయువారు ఇంటి గడప త్రొక్కకుండ వచ్చి పోవుటకు ఏర్పఱచిన త్రోవ. వెనుకనే స్త్రీలు మూడు దినములు వేఱుగా నుండు గది. ఇదియు ఆ యింటి చరిత్రయే. విలువ యన్నది పొగడ్త కాదు. ఒక కాలమువారు ఎట్లు బ్రదికిరో, ఎవరిని ఎంత దూరమున నుంచిరో, ఇటుకలో వ్రాసిపెట్టిన సాక్ష్యమది. సాక్ష్యములో మనకు సిగ్గు కలిగించు వాక్యమును కొట్టివేసి మిగిలినదానిని వారసత్వమని వాకిట తగిలించుట అసత్యము. ఆ దారిని పూలకుండీలతో నింపవచ్చును. ఏ దారియో ఎఱిగి నింపవలెను.

ఇట్లే తరువాతి మార్పులను హీనముగా చూచుట మఱియొక పొరపాటు. నేను చూచిన ఒక యింట మేడమీది గది అఱువదులలోని మొజాయిక్ నేలతో, గుండ్రని బాల్కనీతో క్రింది భాగమునకు పొసగక కనబడెను. దానిని తొలగించి ఇంటిని అసలు రూపమునకు తేవలెనని పరీక్షకు వచ్చినవారి సలహా. ఇంటి పెద్ద కోడలు దానికి ఇచ్చిన జవాబు వినదగినది: ‘‘మా చిన్నత్తగారి పెండ్లికి కట్టించిన గది అది, నాయనా. తరువాత నెల్లూరినుండి, ఒంగోలునుండి చదువుకొనుటకు వచ్చిన పిల్లలందరు అక్కడనే పడుకొనిరి. క్రింద ఎవరు కాపురముండిరో మాకు తెలియును. పైన ఎంతమంది ఉండిరో లెక్కయే లేదు.’’ ఆ పిల్లలలో కొందరికి ఆ వీథిలోని నాలుగైదు తెలుగు ఇండ్లలో వారములు. సోమవారమొక యింట, మంగళవారమొక యింట భోజనము చేసి పట్టము పుచ్చుకొని పోయిరి. వాస్తుశాస్త్రజ్ఞుని కంటికి అది పొసగని గది. మన కంటికి ఆ యింటిలో అన్నిటికంటె విలువగల గది అదియే కావచ్చును. కాని ఈ సంగతి గోడమీద వ్రాసిలేదు, ఏ దస్తావేజులోను లేదు. ఎనుబది యేండ్ల ముత్తయిదువ నోట ఉన్నది. సున్నపు గచ్చు పరీక్షించుటకు తొందర లేదు; ఆమెను అడుగుటకు తొందర కలదు.

ఇంతకును ఇట్టి యిల్లు ‘తెలుగు ఇల్లు’ అనదగునా? ఈ ప్రశ్నకు మనవారు ఉత్సాహముతో అవునందురు. నేను అంత సులభముగా అనలేను. ఇంటి ప్లాను తెలుగు మాటాడదు. మేస్త్రీ తమిళుడు, దూలము బర్మాది, పెంకు మంగళూరిది, ప్లాను వేసినవాడు ఇంగ్లీషు పుస్తకములు చదివిన ఓవర్సీయరు. ప్రక్కనున్న అయ్యరుగారి యింటికిని మన యింటికిని కొలతలలో భేదముండదు. మండువా లోగిలి గుంటూరు, గోదావరి సీమలలో విడిచి వచ్చినది. మాంబళమున దానిని వెదకుట వ్యర్థము. తెలుగుదనమున్నది వేఱుచోట. గేటు స్తంభముమీద చలువరాతి పలకలో చెక్కిన ఇంటిపేరు తెలుగు అక్షరములలో నుండును. కొన్నింట తెలుగు, ఇంగ్లీషు. మఱికొన్నింట తెలుగు, తమిళము. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగా ఏర్పడెను; మద్రాసు మనదే యని కేకలు వేసినవారిలో చాలమంది పెట్టె సర్దుకొని పోయిరి. పోనివారు పోలేదు. వారు ఏ ఒడంబడికలోను సంతకము చేయలేదు, నిరశనము చేయలేదు. గేటుమీది పలకను తీయలేదు, అంతియే. ఆ వీథిలో బాహాటముగా కనబడు తెలుగు ఆ రెండంగుళముల అక్షరములే. క్రొత్త గేటు పెట్టునప్పుడు మేస్త్రీ మొదట పగులగొట్టునది ఆ స్తంభమును. ఇంజనీరు నివేదికలో దానికి పద్దు లేదు. బరంపురములోనైనను, బళ్ళారిలోనైనను, షోలాపురములోనైనను ఇట్టి పలకలు ఎన్ని మిగిలినవో మన సంఘములు ఒక ఆదివారము వీథులు తిరిగి వ్రాసికొనవచ్చును. ఫొటో తీయుటకు ఖర్చును లేదు.

చట్టము సాయము చేయునా యని యడుగుదురు. చాల కొద్దిగా. 1958 నాటి కేంద్ర చట్టము నూఱేండ్లు నిండి జాతీయ ప్రాముఖ్యము గల కట్టడములకు. మన గుమాస్తా యిల్లు దానికి అందదు. బొంబాయిలో 1995 నిబంధనలు మూడు తరగతులు ఏర్పఱచినవి. మూడవ తరగతి యిండ్లు ఒక్కొక్కటిగా గొప్పవి కాకున్నను వీథి రూపమునకు ముఖ్యమైనవి. ఇది తెలివైన భావము, మన పేటకు సరిగా సరిపోవునది. చెన్నపట్టణములో భారత్ ఇన్సూరెన్సు భవనము వ్యాజ్యమున 2010లో హైకోర్టు తీర్పు వచ్చిన పిదపనే ప్రత్యేక సంఘము ఏర్పాటునకు ఊపు కలిగినది. 2012లో చేసిన రాష్ట్ర వారసత్వ కమిషను చట్టము 2024లో గాని అమలునకు రాలేదు. పట్టికలలో చేరునవి ఎక్కువగా ప్రభుత్వ భవనములు, దేవళములు, చర్చీలు, పెద్ద కంపెనీల కచేరీలు. ఇండ్లవారు తమ పని తామే చేసికొనవలసినదే.

ఇక నలుగురు వారసులు, రెండు గ్రౌండుల స్థలము, గేటుముందు ప్రమోటరు కారు ఉన్నప్పుడు ఈ మాటలన్నియు ఏమగును? వారిలో ఒకరికి ఆడపిల్ల పెండ్లి, ఒకరికి వైద్యపు ఖర్చు ఉండవచ్చును. వారిని నిందించు హక్కు అమెరికానుండి ఫొటో చూచి నిట్టూర్చు మేనల్లునకు లేదు. అన్ని యిండ్లును నిలువవు, నిలువనక్కఱలేదు. కాని కూల్చుట, ఉన్నదున్నట్లుంచుట అను రెండే మార్గములని చెప్పువాడు ఇంటిని చదువనివాడు. వెనుక పెరటిలో క్రొత్త కట్టడము లేపి ముందుభాగమును ఖాళీతో సహా నిలుపవచ్చును. స్నానాల గదులు, విద్యుత్తు తీగెలు, ముసలివారికి మెట్లప్రక్క పట్టుకొమ్మలు నిస్సంకోచముగ క్రొత్తవి వేయవలెను. వానికి పాత వేషము వేయుట అనవసరము. సున్నపు గోడకు సిమెంటు పూత మాత్రము పూయరాదు. సున్నము తేమను పీల్చి విడుచును. సిమెంటు ఆ తేమను లోపల బంధించును. ఉప్పు పొంగి, పూత పెచ్చులూడి, ఇటుక పొడియగును. ఇంటివారు అప్పుడు ‘‘పాత గోడ కదా, ఉరియుచున్నది’’ అందురు. దోషము పాత గోడది కాదు, క్రొత్త పూతది. మిద్దె ఉరిసినంతనే దానినంతను పెకలించి శ్లాబు వేయించు సలహాను కూడ అనుమానింపవలెను. సాధారణముగ చెడునది గోడలో దిగిన దూలపు కొనలు. తడి, చెదలు మొదట అక్కడనే చేరును. కొన చెడినచో కొనకు వైద్యము చేయగలరు.

కూల్చుటయే నిశ్చయమైనచో, ఇంటికి కొలతలు తీసి ప్రతి గదికి పటము వేయించి, మూలదస్తావేజు, పన్ను రసీదులు, ఆమోదపు ప్లాను, పెండ్లి ఫొటోలు ఒక పెట్టెలో చేర్చి, పెద్దవారి మాటలు రికార్డు చేసి, రెండు పుటలలో ఇది యేమి యిల్లో వ్రాసి పెట్టవలెను. రెండు పుటలే చాలును. అందులో విశేషణములు తగ్గినకొలది మేలు. గేటు పలక క్రొత్త ఫ్లాట్ల ప్రవేశద్వారమున పొదుగవచ్చును; ప్రమోటరుకు అది అయిదు నిమిషముల పని, ఒడంబడికలో ముందే వ్రాయించుకొన్నచో.

నిలుపదలచినవారు మిద్దెను పరీక్షించుటకు మేస్త్రీని ఎండకాలమున పిలువరాదు. ఈశాన్యపు వానలు వెనుదీసిన తరువాత, పుష్యమాసమున పిలువవలెను. నీరెక్కడ నిలిచినది, ఏ దూలము కొన నల్లబడినది, ఏ గది గోడ ఇంకను చెమ్మగా నున్నది అప్పుడు తేటగా కనబడును. ఆ పది దినములలోనే పెద్ద కోడలిని కూర్చుండబెట్టి, మేడమీది గదిలో పడుకొన్న పిల్లల పేర్లు, ఊళ్ళు, జ్ఞాపకమున్నంతవఱకు, వ్రాసికొనవచ్చును.